పుస్తకము చూచి నేర్చిన గారడి

గారడి యను మాట మన తెలుగునకు మాత్రమే సొంతము కాదు. కన్నడిగులు గారుడి యందురు, మరాఠీవారు గారుడీ యందురు. పాము విషమును దించు గరుడమంత్రమునుండి వచ్చిన మాట యిది. తమిళులు చెప్పడివిత్తై యందురు; చెప్పు అనగా చిన్న భరిణె. గిన్నెల క్రింద గుడ్డయుండలను మాయముచేయు పాత ఆటయే ఆ పేరిట నిలిచినది. పరభాషల నడుమ పెరిగిన మాబోటి కుటుంబములవారికి, వీథిలో గారడివాడు దిగినప్పుడు వాని మాట తెలియకున్నను ఆట తెలియుచుండెను.

తండ్రివలన కొడుకునకు, గురువువలన శిష్యునకు గుట్టుగా వచ్చు ఈ విద్య పుస్తకమున కెక్కుటకు వెనుక ఒక ప్రాణసంకటము కలదు. ఆ కాలమున ఇంగ్లండులో మంత్రగత్తెలను నెపముపై దిక్కులేని ముసలమ్మలను ఉరిదీయుచుండిరి. కెంటు సీమవాడగు రెజినాల్డ్ స్కాట్ దీనిని సహింపలేక 1584లో ‘డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్’ అను గ్రంథమును ప్రకటించెను. లోకులు దయ్యముల పని యనుకొనునది చేతివాటమే యని చూపుటకై, అరచేత నాణెమును దాచుట, నడుమ వంపుగల దొంగకత్తితో చేయి తెగినట్లు చూపుట మున్నగు కిటుకులను అందు బొమ్మలతో విప్పిచెప్పెను. ఈ విద్యపై బ్రతుకు పేదల పొట్ట కొట్టుచున్నానే యని విచారపడెను గూడ. మాకు ఆ ఒక్క మాటవలననే అతనిపై గౌరవము హెచ్చినది.

స్కాటు సంగతి మాకు దూరపు కథగా తోచలేదు. మా చెల్లెలికి మూడవయేట తీవ్రజ్వరము వచ్చినప్పుడు సాధువొకడు మా యింట నిమ్మకాయ కోసెను. ఎఱ్ఱని రసము కారెను. బిడ్డ గండము రక్తమై పోయినదని చెప్పి, మా అమ్మ చెవికమ్మలు పుచ్చుకొని పోయెను. ఆ నమ్మకముతో వైద్యునియొద్దకు పోవుట మూడుదినములు ఆలస్యమయ్యెను. చెల్లెలు దక్కినది, ఆమె వినికిడి దక్కలేదు. ఉద్యోగమున చేరిన తరువాత పాతపుస్తకముల అంగడిలో కొన్న చిన్న గారడిపుస్తకమున ఆ గుట్టు మాకు చిక్కెను. కత్తికి మందారపూవు రుద్ది ఆరనిచ్చిన, నిమ్మపులుసు తగిలినంతనే ఎఱ్ఱబారును. మేము అమ్మ యెదుటనే కోసి చూపితిమి. ఆమె ఆ చెక్కను చేతిలోనికి తీసికొని, “ఇంతేనా నాయనా!” అని లోనికి పోయెను. చూపకుండవలసినదేమో యని నేటికిని అనుకొందుము.

పుస్తకము పొరబాటున చేతికి వచ్చి జీవితమే మారినవాడు ఫ్రాన్సు దేశమున 1805లో పుట్టిన రాబర్ట్ హూడిన్. గడియారముల పని నేర్చుకొనుటకు ఒక గ్రంథమడుగగా, అంగడివాడు వినోదవిద్యల పుస్తకమును కట్టియిచ్చెనని ఆయన స్వీయచరిత్రమున చెప్పుకొనెను. చదువుటవలన కిటుకు తెలిసెను గాని చేయి తిరుగలేదు. అందుచే కాలి ఆనెలు కోయు ఒకనియొద్ద బంతులాట నేర్చెను. నాలుగు బంతులు ఎగురవేయుచునే పుస్తకము చదువునంతటి సాధన చేసెను. కోటుజేబులలో చేతులుంచుకొని నడచుచు నాణెములు త్రిప్పుచుండెను. 1856లో ఫ్రెంచి దొరతనము ఆయనను అల్జీరియాకు పంపి, అచటి ఫకీరులకంటె ఫ్రెంచివారి మహిమ ఘనమని చూపించెను. బలశాలి సైతము ఎత్తలేని పెట్టె యొకటి, అడుగున విద్యుదయస్కాంతము! స్కాటు భయము పోగొట్టుటకు వాడిన విద్యను వీరు భయము పెట్టుటకు వాడిరి. ఆ దొరతనమును యానాము సోదరులకు మేము పరిచయము చేయనక్కరలేదు.

ఇంటియొద్ద కూర్చుండి నేర్చుకొను సామాన్యునికి దారి వేసినది మాత్రము 1876లో వెలువడిన ‘మోడరన్ మేజిక్’. వ్రాసినది ఏంజెలో లూయిస్ అను న్యాయవాది. ప్రొఫెసర్ హాఫ్‌మన్ అను మారుపేరు పెట్టుకొనెను. వేళ్ళు ఎట్లుంచవలెనో వరుసగా చెప్పుటయే అందలి విశేషము. అందున్న ‘ఫ్రెంచి డ్రాప్’ తోనే క్రొత్తవారు మొదలిడవచ్చును. ఎడమచేతి వ్రేళ్ళకొనల నాణెమును పట్టి, కుడిచేతితో తీసికొన్నట్లు నటించుచు, ఎడమ అరచేతిలోనికే జారవిడువవలెను. కన్నులు మాత్రము ఉత్తచేతివెంటనే పోవలెను. అద్దము ముందర నెల దినములైన చేయనిదే ఇతరులకు చూపరాదు. మేము వారమునకే చూపి మనుమనిచేత పట్టుబడితిమి. అద్దమును గూడ కొన్నాళ్ళకు విడువవలెను. లేనియెడల నాణెము జారునపుడెల్ల రెప్పవాల్చుట అలవడును, ఆ తప్పు అద్దమున కనబడదు. మా తప్పును పట్టినది చెల్లెలే. మాటలు వినబడని ఆమె మా నోటివంక చూడదు, చేతులవంకనే చూచును.