పుట్టిన దేశమే కొలమానమా? – అమెరికా వలస చట్టాల చరిత్ర

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అత్యధికం 1965 తరువాత వచ్చినవే. అంతకు పూర్వం మనవారికి విద్య గాని, సాహసం గాని కొరవడలేదు. చట్టమే అడ్డుగా నిలిచింది. ఆ చరిత్ర నేటికీ ముగియలేదు కనుక, మన పిల్లలు దానిని తెలుసుకోవలసి ఉంది.

1790లో చేసిన తొలి పౌరసత్వ చట్టం, వలస వచ్చినవారిలో స్వతంత్రులైన శ్వేతజాతీయులకే పౌరులయ్యే అర్హతనిచ్చింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి ఆ అర్హత లభించింది, ఆసియావారికి లభించలేదు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధించారు. 1917లో భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా నిర్ణయించారు. విద్యార్థులు, యాత్రికుల వంటి కొందరికే మినహాయింపు ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, పౌరసత్వం కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. చట్టం చెప్పే శ్వేతజాతీయులలో భారతీయులు చేరరని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైన పలువురు భారతీయులు సైతం ఆ హక్కును కోల్పోయారు.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ కాలంలోనే ఉన్నత విద్యకై బోస్టన్ చేరారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించిన తొలి శాస్త్రజ్ఞులలో ఆయన ఒకరు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఎన్నో ఔషధాలు వెలువడ్డాయి. అయినా రెండు దశాబ్దాలకు పైగా చట్టం దృష్టిలో ఆయన పౌరసత్వానికి అనర్హుడే. 1946లో ల్యూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వార్హత కల్పించి, ఏడాదికి 100 మంది చొప్పున వలస రావడానికి అనుమతించింది. 1948లో సుబ్బారావు అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిలించిన దశాబ్దంలోనే మనకు ద్వారం తెరుచుకుంది. నల్లజాతివారు సాగించిన ఆ పోరాటానికి మనం కూడా ఋణపడి ఉన్నాం. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ చెంత హార్ట్–సెల్లర్ చట్టంపై సంతకం చేశారు. జన్మదేశాన్ని బట్టి కేటాయింపులు చేసే పాత పద్ధతి రద్దయింది. కుటుంబ బంధానికి, వృత్తి నైపుణ్యానికి ప్రాధాన్యం లభించింది. తరువాతి సంవత్సరాలలో వైద్యులు, ఇంజనీర్లు తరలివచ్చారు. ఈ దేశంలో మన ఆలయాలకు పునాదులు పడినది వారి తరంలోనే.

అయితే ఆ చట్టంలోనే మరొక నియమం ఉంది. ఆసియా, ఐరోపా తదితర తూర్పు ప్రాంతాలలో ఏ దేశానికైనా ఏడాదికి 20,000 వీసాలే పరిమితి. 1990 చట్టం దానిని మార్చి, ఒక్కో దేశానికి సాధారణంగా 7 శాతం అని నిర్ణయించింది. చిన్న దేశానికీ, భారతదేశానికీ ఒకే హద్దు. పైకి సమానత్వంగా కనిపించే ఈ నియమం వల్ల, ఒకే కార్యాలయంలో ఒకే పని చేసే ఇద్దరిలో భారతదేశంలో పుట్టినవారు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎక్కువగా నిరీక్షిస్తున్నారు. ఈలోగా 21 ఏళ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రుల వీసాపై ఉండే అర్హతను కోల్పోవచ్చు. జన్మదేశాన్ని లెక్కించరాదని తలపెట్టిన సంస్కరణలోనే, నిరీక్షణ ఎంతకాలమో జన్మదేశమే నిర్ణయిస్తున్నది.

మన ఇంట మొదట ఈ దేశానికి వచ్చినవారు ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ వీసాపై వచ్చారు? పిల్లలతో కలిసి పెద్దలను అడిగి వ్రాసి ఉంచుదాం. ఆ సంవత్సరాన్ని ఈ చట్టాల సరసన నిలిపి చూస్తే, మన కుటుంబం ఏ ద్వారం గుండా వచ్చిందో వారికి తెలుస్తుంది. నేడు వరుసలో నిలిచి ఉన్నవారి బాధ కూడా అర్థమవుతుంది.