బుడగలు ఆగిపోతే బీర్ పోయినట్టేనా? టోపీ పెట్టెలో ప్రయాణం చేసిన ఈస్ట్ కథ

ముందే ఒక మాట: మన రెండు రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీర్ తయారుచేస్తే ఎక్సైజ్ కేసే. కాబట్టి ఇది హిస్టరీ ఎపిసోడ్, రెసిపీ కాదు. అమెరికాలో మాత్రం 1978లో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీర్ చేసుకోవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు ఫెడరల్ ట్యాక్స్ లేదు. అక్కడున్న మా కజిన్ కూడా గ్యారేజీలో ఒక బకెట్ పెట్టాడు. నాలుగో రోజు వాడి మెసేజ్: "అన్నా, బుడగలు రావట్లేదు. పారబోసేయనా?"

ఈ ప్రశ్న వందల ఏళ్ల నాటిది. అప్పట్లో జవాబు ఎవరికీ తెలీదు.

బీర్ అంటే ఏంటి? మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం వస్తుంది. హాప్స్ పువ్వులేసి కాచి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ ఆ చక్కెర తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగకపోతే ఇంట్లో ఎంత టెన్షనో మీకు తెలుసు కదా. అదే టెన్షన్ ఊరంతటికీ సరిపడా బీర్ విషయంలో ఊహించుకోండి. మెల్లగా పులుస్తోందంటే ఈలోగా వేరే సూక్ష్మజీవులు దూరిపోవచ్చు. పుల్లగా మారితే ఆ పీపాలన్నీ కాలవ పాలే.

తమాషా ఏంటంటే, ఈ మెల్లదనాన్నే బవేరియావాళ్లు అలవాటు చేసుకున్నారు. ఎండాకాలంలో బీర్ తరచూ పాడవుతోందని 1553లో అక్కడి డ్యూక్ ఐదో ఆల్బ్రెక్ట్ ఒక రూల్ పెట్టాడు: ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీర్ కాయకూడదు. అంటే పనంతా చలిలోనే. చలిలో చాలా ఈస్ట్‌లు ముడుచుకుని పడుకుంటాయి. 8 నుంచి 13 డిగ్రీల్లో కూడా పనిచేసే రకం మాత్రం నిలబడింది. అది అడుగున చేరి నింపాదిగా తింటుంది, ఆ తర్వాత బీర్‌ని వారాల తరబడి చల్లటి నేలమాళిగల్లో ఉంచుతారు. 'లాగర్' అనే పేరు జర్మన్‌లో 'నిల్వ' అనే అర్థం నుంచే వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా తాగేది ఈ రకమే.

సో, స్లో అంటే చెడిపోయినట్టు కాదు. మరి స్లోగా నడుస్తోందా, మధ్యలో ఆగిపోయిందా, అసలు పనే అయిపోయిందా? ఇది తేల్చాలంటే చక్కెర ఎంత మిగిలిందో కొలవాలి. ఇక్కడ ఇంగ్లీషువాళ్లు ముందున్నారు. 1784లో జాన్ రిచర్డ్‌సన్ బీర్ రసం సాంద్రతని కొలిచే పరికరం గురించి పుస్తకమే రాశాడు. అంతకుముందు అనుభవం, నాలుక, ముక్కు, అంతే.

1833లో మ్యూనిక్ నుంచి గాబ్రియెల్ సెడ్‌ల్‌మయర్, వియన్నా వైపు నుంచి ఆంటోన్ డ్రెహర్ అనే ఇద్దరు కుర్రాళ్లు బ్రిటన్ టూర్ వేశారు. బోలు చేతికర్రలో దొంగచాటుగా శాంపిల్ పట్టి, రూమ్‌కెళ్లి కొలుచుకునేవాళ్లు. ఇండస్ట్రియల్ స్పైయింగే, నా దృష్టిలో ఇంకో పేరు లేదు. కానీ ఆ కొలిచే అలవాటు మ్యూనిక్ చేరింది అలాగే.

ఆ సెడ్‌ల్‌మయర్ దగ్గరికే డెన్మార్క్ నుంచి జె.సి. జేకబ్‌సన్ వచ్చాడు. 1845లో ఈస్ట్ అడిగి తీసుకుని, టోపీ పెట్టెలో పెట్టుకుని కోపెన్‌హాగన్ బయల్దేరాడు. వేడెక్కితే ఈస్ట్ చస్తుందని, బండి ఆగిన ప్రతిచోటా దిగి చన్నీళ్లు పోశాడని చెప్తారు. రెండేళ్లకి కార్ల్స్‌బర్గ్ మొదలైంది. పేరులో ఉన్న కార్ల్ ఆయన కొడుకు.

గమనించండి, అప్పటికి ఈస్ట్ ప్రాణమున్నదే అని సైంటిస్టులే ఒప్పుకోలేదు. 1830ల చివర్లో ముగ్గురు వేర్వేరుగా ఆ మాట అంటే, 1839లో వోలర్, లీబిగ్ పేర్లు పెట్టకుండా జర్నల్‌లో ఒక వెటకారం వేశారు: మైక్రోస్కోప్‌లో చిన్న జంతువులు కనిపించాయట, చక్కెర మింగి వెనకనుంచి ఆల్కహాల్ వదులుతున్నాయట. పక్కా ట్రోలింగ్! తర్వాత పాశ్చర్ వచ్చి, ట్రోల్ అయినవాళ్లే రైటని తేల్చాడు.

అయినా కార్ల్స్‌బర్గ్ బీరే ఒకసారి పాడైంది. వాళ్ల ల్యాబ్‌లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ చూస్తే, మంచి ఈస్ట్‌లో అడవి ఈస్ట్‌లు కలిసిపోయి ఉన్నాయి. 1883లో ఆయన ఒకే ఒక్క కణాన్ని వేరుచేసి, దాన్నుంచే మొత్తం పెంచాడు. జేకబ్‌సన్ ఆ పద్ధతిని దాచుకోలేదు, వేరే బ్రూవరీలకీ ఇచ్చాడు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే. టెన్త్‌లో చదివిన పీహెచ్ స్కేల్ కూడా 1909లో అదే ల్యాబ్ నుంచి వచ్చింది, సోరెన్సెన్ పుణ్యమా అని.

ఇక మా వాడి బకెట్. బుడగల్ని నమ్మొద్దన్నాను. మూత కాస్త లూజుగా ఉన్నా గ్యాస్ పక్కనుంచి పోతుంది, బుడగ కనిపించదు. హైడ్రోమీటర్ వెయ్యమన్నాను. మొదలుపెట్టినప్పుడు 1.050, ఇప్పుడు 1.024. రెండు రోజులాగి చూస్తే 1.020. అంటే ఆగలేదు, నడుస్తోంది. గ్యారేజీ 14 డిగ్రీలు; వాడు వేసింది లాగర్ ఈస్ట్ కాదు, 18 నుంచి 22 డిగ్రీలు కోరుకునే రకం. ఇంట్లోకి మార్చి దుప్పటి చుట్టాడు. పాత ప్యాకెట్ అయినా, ఈస్ట్ తక్కువైనా, మొదట్లో రసాన్ని గిలక్కొట్టి గాలి ఎక్కించకపోయినా ఇలాగే నత్తనడక నడుస్తుంది. కానీ మధ్యలో గాలి ఎక్కించకూడదు, రుచి పోతుంది.

అసలు డేంజర్ వేరే ఉంది. అయిపోయిందనుకుని సీసాల్లో నింపేస్తే, మిగిలిన చక్కెర లోపల పులిసి ప్రెజర్ పెరిగి సీసాలు పేలతాయి, గాజు ముక్కలు కళ్లలోకి వస్తాయి. అందుకే వరసగా మూడు రోజులు అదే రీడింగ్ వస్తేనే, అదీ ఆ ఈస్ట్‌కి రావాల్సిన చోటుకి దిగాకే, మూత బిగించాలి.