కోటి రూపాయల సీసా, పుల్ల ద్రాక్ష రైతులు

2020 మే నెలలో లండన్ సోత్‌బీస్ వాళ్ల వేలంలో ఒక్క సీసా 1,18,580 పౌండ్లకు పోయింది. మన డబ్బులో కోటి రూపాయల పైమాటే. అందులో ఉండేది కోన్యాక్ అనే బ్రాందీ. సీసా మీద చీటీ: గోతియే, 1762. అలాంటివి మూడు సీసాలు ఒకే కుటుంబంలో తరతరాలుగా దాచిపెట్టినారు. మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదరాలీ కన్నుమూసింది 1782లో. అప్పటికే ఆ సరుకుకి ఇరవై ఏళ్లు!

తాగమని చెప్పడంలేదు అన్నలారా, నేనూ రుచి చూడలేదు. దాని వెనక ఉండేది రైతుల కథ, అందుకే రాస్తాండా.

కోన్యాక్ అనేది ఫ్రాన్సులో ఒక ఊరు. ఆ చుట్టుపక్కల సున్నపు నేల. అక్కడి ద్రాక్ష పుల్లన, తీపి తక్కువ. దాంతో చేసిన వైన్ పల్చన, ఓడ ఎక్కిస్తే దారిలోనే చెడిపోయేది. మన తోతాపురి మాదిరే, కోసినాక ఆగే సరుకు కాదు. 2025లో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకి 12 రూపాయలని ప్రకటించినారే, ఆ అవస్థ మీకు నేను చెప్పాల్నా?

ఆ వైన్ కొనేదానికి డచ్చివాళ్లు వచ్చేవాళ్లు. మన పక్కన పులికాట్‌లో కోట కట్టుకున్నది కూడా వాళ్లే. చెడిపోకుండా దాన్ని కాచి సారాయి చేసినారు. వాళ్ల భాషలో 'కాల్చిన వైన్' అనే మాటే అరిగి బ్రాందీ అయింది. తొమ్మిది లీటర్ల వైన్‌ని రాగి బట్టీలో రెండుసార్లు కాస్తే సుమారు ఒక లీటరు దిగుతుంది. నీళ్ల మాదిరి తెల్లగా, నోరు కాలేంత ఘాటుగా ఉంటుంది. అమ్ముడుపోక ఓక్ చెక్క పీపాల్లో నిలవ ఉండిపోయిన సరుకు మాత్రం ఎర్రబడి, మెత్తబడి, వాసన ఎక్కింది. అదే దాని అదృష్టం.

పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దేవతల వాటా అంటారు. ఆ లెక్కన 100 లీటర్లు పెడితే 50 ఏళ్లకు 36 మిగుల్తాయి. ఆ ఆవిరికి గోడలమీద, పైకప్పు పెంకులమీద నల్ల బూజు పడుతుంది. సరుకు ఎక్కడ దాచినారో గోడ చూస్తే తెలిసిపోతుంది!

దశాబ్దాలు ఊరిన కోన్యాక్‌లో అక్రోటు, ఎండిన పండ్లు, పుట్టగొడుగు, పాత తోలు వాసన వస్తుందని రుచి తెలిసినోళ్లు చెప్తారు. గుటకేసినా చాలాసేపు నోట్లో నిలుస్తుందంట. ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. గాజు సీసాలోకి పోస్తే ఊరడం ఆగిపోతుంది. 1762 సరుకైనా, దాని రుచి పీపాలో ఉన్నన్నేళ్లదే. తక్కిన డబ్బంతా చీటీకి!

1870ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్ష వేర్లు తినేసింది. సుమారు 2,80,000 హెక్టార్లున్న తోటలు 1893 నాటికి 40,000కి పడిపోయినాయి. మందు దొరకలేదు. 1887లో పియెర్ వియాలా అనే శాస్త్రవేత్త అమెరికా పోయి, టెక్సస్‌లో మన్సన్ అనే తోటమాలిని కలిసినాడు. సున్నపు నేలకు తట్టుకునే అడవి ద్రాక్ష అక్కడ దొరికింది. కింద అమెరికా వేరు, పైన ఫ్రాన్సు కొమ్మ. నాటు మామిడికి బేనీషా అంటు కట్టినట్టే! ఇప్పటికీ అక్కడి తోటలు అంటు మీదే నిలబడి ఉండాయి.

1909లో హద్దులు గీసి, ఆ నేల బయట చేసిందానికి కోన్యాక్ పేరు పెట్టకూడదన్నారు. మన తిరుపతి లడ్డు పేరుకి రక్షణ ఉన్నట్టే. అక్కడ చాలామంది రైతులు తామే కాచి, కొన్ని పీపాలు కొడుకులకి, మనవళ్లకి వదిలిపెడతారు. ఇంట్లో బంగారం మాదిరి.

మన అంగట్లో బ్రాందీ ఎక్కువభాగం ద్రాక్షది కాదు, చెరుకు మడ్డిది. చక్కెర తీయంగా మిగిలిన మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కి రంగు, వాసన కలిపింది. ఆ చెరుకు మనం పండించిందే. గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడి ఏళ్లయింది, బ్రాందీ అంగళ్లు మాత్రం రోజూ తెరిచే ఉంటాయి.