ముగ్గు పోసే ముందు: తండా ఇంటి చరిత్ర

నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాలలో పాత గుడిసెలు, రేకుల ఇళ్లు తీసేసి స్లాబు ఇంటికి ముగ్గు పోస్తున్నారు. పట్నంలో కూలికి పోయినప్పుడు చూసిన ఇల్లు ఒకరి మనసులో ఉంటుంది. మేస్త్రీ ఫోనులో చూపిన బొమ్మ ఇంకొకరికి నచ్చుతుంది. కొత్త ఇల్లు కట్టుకోవడం సంతోషమే. కానీ ముగ్గు పోసే ముందు మన పెద్దలు ఎక్కడ పడుకున్నారో, ఎక్కడ వండుకున్నారో, ఎక్కడ కూడుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మన పెద్దలు ముందు తండాకు ప్లాను వేశారు, ఆ తర్వాతే ఇంటికి. ఈ సంగతి మరిచిపోతే గోడలు లేచాక సగం ఇల్లు తక్కువ పడుతుంది.

తండా అనే మాటకు మొదటి అర్థం ఊరు కాదు, ఎద్దుల బిడారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దూర దేశాలు తిరిగే ఆ వ్యాపారాన్ని మన గోర్ బోలిలో లదేణి అన్నారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఉత్తర భారతంలో 14,000 ఎద్దులున్న ఒక తండాను చూశానని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మనవాళ్ల గురించి రాస్తూ, వీరికి స్థిరమైన ఇళ్లు లేవనీ, ఆలుబిడ్డలతో గుడారాలలోనే బతుకుతారనీ అన్నాడు. మొగలు సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి ధాన్యం మోసింది ఈ తండాలే.

అలాంటి బతుకులో మొదటి గోడ మట్టిది కాదు, గోనెది. మజిలీలో ఎద్దుల మీది గోనెలు దించి వరుసగా పేర్చేవారు. వాటి చాటున మనుషులు, పక్కన పశువులు ఉండేవి. గోనె నేసింది మన ఆడవాళ్లే కాబట్టి ఆ గోడ కట్టిందీ వాళ్లే అనుకోవాలి. నాయక్ మాట మీద మజిలీ పడేది, నాయక్ మాట మీదే లేచేది. నీళ్లు ఎంత దూరం, మేత ఎక్కడ, దొంగ ఎటునుంచి రాగలడు అని చూసి జాగా ఎంచేవారు. ఇంటి ప్లానులో ఇప్పుడు ఇంజనీరు అడిగే ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే.

రైలు వచ్చాక ఎద్దుకు పని తగ్గింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. నిజాం రాజ్యంలోకి ఉప్పూ ధాన్యమూ డబ్బాలలో రావడం మొదలైంది. బ్రిటిష్ ఏలుబడిలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులను అనుమానంతో చూసింది. తిరిగితే పని లేదు, తిరిగితే అనుమానం. అలా తండాలు ఒక్కొక్కటిగా ఊళ్లకు దూరంగా, మేత ఉన్న గుట్టల పక్కన, బీళ్ల పక్కన నిలిచిపోయాయి. గుంజలు పాతి, తడకలు కట్టి, పెండతో అలికి, బోదతో కప్పిన గుడిసెలు లేచాయి. లోపల ఒకే అర్ర. వంట, ధాన్యం, బాలింత, ముసలమ్మ అన్నీ అందులోనే. అయినా ఆ ఇల్లు సరిపోయింది. మిగతా ఇల్లంతా బయట ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ బయట ఏముందో చూడండి. తీజ్ నాడు ఆడపిల్లలు బుట్టలలో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పాడేది నాయక్ ఇంటి ముందు. హోళీకి కొత్తగా పుట్టిన బిడ్డకు ధూండ్ చేసేది ఆ ఇంటి వాకిట్లో. పంచాయితీ తెగేది చెట్టు కింద. పెళ్లయి పోయే పిల్ల ఎద్దు మీద నిలబడి పుట్టింటికి వీడ్కోలు పాడేదీ ఆ వాకిట్లోనే. ఆ పాటకు హవేలీ అని పేరు. బోద గుడిసెలో పెరిగిన పిల్ల పుట్టింటిని హవేలీ అని పిలిచింది. ఇంటి గొప్ప అర్రల లెక్కతో తేలదని మన పాటలకు ముందే తెలుసు.

తర్వాతి మార్పు కాగితాలది. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగ అయ్యారు. నారాయణఖేడ్ నుంచి కంగ్టి, నాగల్‌గిద్ద దాటితే కర్ణాటక. అక్కడ మన బంధువులు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. మాట ఒకటే, దేవుడు ఒక్కడే సేవాలాల్, కానీ ఇల్లు మంజూరు కావాలంటే గీతకు ఇటు ఒక కాగితం, అటు ఒక కాగితం. చాలా తండాలు గ్రామకంఠం బయట పుట్టినవి కనుక ఇల్లున్నా దాని కింది జాగాకు పత్రం లేని కుటుంబాలున్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఇంటి నంబరు కోసం ఊరికి పోయే పని చాలా తండాలకు తప్పింది.

సర్కారు ఇళ్లు కూడా ఒక చరిత్రే. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. 2015 తర్వాత 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు వచ్చాయి. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు సాయం 5 లక్షలు, విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య. పేరు ఇంటి ఆడమనిషిది. ఇది మంచి మాట. గోనె గోడ కట్టిన చేతికి ఇన్నాళ్లకు పత్రం వచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఉపాధ్యాయులు బడిలో కూడా ఈ లెక్క చేయించవచ్చు. బయటి కొలత 20 అడుగులు, 20 అడుగులు అయితే 400 చదరపు అడుగులు. చుట్టూ 9 అంగుళాల గోడ పెడితే లోపల మిగిలేది 18.5 అడుగులు, 18.5 అడుగులు. అంటే సుమారు 342. దాదాపు 58 చదరపు అడుగులు గోడలే తింటాయి. మిగిలిన దానిలో హాలు, పడక అర్ర, వంటిల్లు, బాత్రూం. పట్నం బొమ్మ చూసి ఇందులోనే పెద్ద హాలు కావాలంటే వంటిల్లు మూలకు నలిగిపోతుంది. జొన్నరొట్టె చేసేవాళ్లకు కూర్చునే జాగా, పొగ పోయే దారి కావాలి. కట్టెల పొయ్యి ఉంటే దానికి వెనక చిన్న పంచ దించడమే మేలు.

వలస సంగతి కూడా ప్లానులోనే రావాలి. దసరా తర్వాత చెరుకు కోతకు పోయిన కుటుంబాలు ఉగాది దగ్గరపడితే గానీ తిరిగిరావు. ఇంట్లో ముసలివాళ్లు, బడి పిల్లలు ఉంటారు. కాబట్టి తాళం వేసే అర్ర ఒకటి, దాని మీదుగా పోకుండానే వంటిల్లూ బాత్రూమూ చేరే అర్ర ఒకటి ఉండాలి. బాత్రూంకు లోపలి నుంచి తలుపు, పట్టుకోను కడ్డీ, గడప ఎత్తు తక్కువ ఉంటే అవ్వ రాత్రిపూట ఎవరినీ లేపదు. స్లాబు ఎండాకాలం కొలిమి లెక్క కాలుతుంది. ఎదురెదురు కిటికీలు, వేపచెట్టు నీడ ముందే చూసుకోవాలి. మెట్లు బయట పెడితే రేపు తమ్ముడు పైన వేసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు వాకిలి. జాగా ఉన్నంతా గోడలు లేపి, ముందు ప్రహరీ కడితే ధూండ్ ఎక్కడ చేస్తాం? పిల్ల ఎక్కడ నిలబడి వీడ్కోలు పాడుతుంది? ఇల్లు రెండడుగులు తగ్గినా పరవాలేదు, వాకిలి తగ్గకూడదు. నాలుగిళ్లవాళ్లు కలిసి మాట్లాడుకుని తలుపులు ఒకే నడిమి జాగాకు తిప్పుకుంటే పాత తండా కొత్త సిమెంటులో నిలుస్తుంది. దీనికి సర్కారు ఉత్తర్వు అక్కరలేదు, తండా పెద్దల మాట చాలు.

యువకులకు, ఉపాధ్యాయులకు మేము చెప్పేది ఒక్కటే పని. పడగొట్టే ప్రతి గుడిసెనూ ముందు కొలవండి. పొయ్యి ఎటు, తలుపు ఎటు, గోనెలు ఎక్కడ, మేకలు ఎక్కడ అని పిల్లలతో కాగితం మీద గీయించండి. ఇంటి అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు మన బోలిలోనే రాయించండి. ఆ కాగితాన్ని మేస్త్రీకి చూపించి, ఆ తర్వాత ముగ్గు పోయించండి.