గని ఆసుపత్రి పోయాక

చిత్తూరు వైపు నుంచి కేజీఎఫ్‌కు కూలికొచ్చిన కుటుంబాలు మావి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. గనుల్లోకి దిగింది మనవాళ్లు, తమిళవాళ్లు, ఎక్కువమంది దళితులే. మూడు కిలోమీటర్లకు పైగా లోతు! రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. అది నయం కాదు, పైగా క్షయ తొందరగా పట్టుకుంటుంది. అయినా గని ఆసుపత్రి ఊళ్లోనే ఉండేది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. తర్వాత ఆసుపత్రీ పోయింది, దగ్గు మిగిలింది. పెద్ద డాక్టరు కావాలంటే వంద కిలోమీటర్ల దూరాన బెంగళూరు. మారికుప్పం రైలు టికెట్టు చవకే. రోజూ అదే రైల్లో కొడుకు పనికి పోతాడు. నాయన్ని వెంటబెట్టుకుపోతే మాత్రం ఆనాటి కూలి పోయినట్టే. అందుకే ముసలాయన "వచ్చే నెల చూద్దాంలేరా" అంటాడు.