చేతిగడియారం: ఆస్తి నుంచి అభిరుచి దాకా – రాయలసీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చేతిగడియారాలను సేకరించడం, రోజుకొకటి మార్చి ధరించడం నేడు తెలుగువారిలో కనిపిస్తున్న ఒక అభిరుచి. ఒకే వాచీని జీవితాంతం ధరించిన తరం నుంచి ఈ అభిరుచి ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హెచ్.ఎం.టి., హైదరాబాదు ఆల్విన్, టైటన్ సంస్థల చరిత్రను, వరకట్నం, దిగుమతుల నియంత్రణ, మరమ్మతు వృత్తి అన్న అంశాలను నంద్యాల – ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెజీవనంతో ముడిపెట్టి చర్చిస్తుంది.

కీలకపదాలు: గడియారం, వాచీ, హెచ్.ఎం.టి. జనతా, ఆల్విన్, వరకట్నం, సేకరణ, రాయలసీమ.

1. గడియ – గడియారం – వాచీ

తెలుగువారి కాలగణనలో పగలూ రాత్రీ కలిసి అరవై గడియలు. గడియ అంటే నేటి లెక్కలో 24 నిమిషాలు. ఏడున్నర గడియలు ఒక జాము. ‘ఘటిక’ అన్న సంస్కృత పదానికి వికృతి ‘గడియ’. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిమీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలమే గడియకు కొలమానం. ఆ గిన్నెను గడియకుడుక అన్నారు. నీటిగిన్నె పోయి పళ్లచక్రాల యంత్రం వచ్చినా పాత పేరే దానికి అతికింది. ‘శివభారత’ కర్త గడియారం వేంకటశేషశాస్త్రి ద్వారా ఇంటిపేరుగా కూడా ఈ మాట రాయలసీమ సాహిత్యలోకానికి సుపరిచితం.

అయితే వాడుకలో ఒక విభజన ఏర్పడింది. గోడకున్నది గడియారం, చేతికున్నది వాచీ. ‘చేతిగడియారం’ అన్నది పత్రికల మాటగా, పాఠ్యపుస్తకాల మాటగా మిగిలింది. పల్లెలో ఎవరూ అలా అనరు. ఈ భేదం కేవలం భాషకు సంబంధించినది కాదు. గడియారం ఇంటిది, బడిది, కచేరీది. వాచీ ఒక మనిషిది. కాలం మొదటిసారిగా వ్యక్తిగత ఆస్తి అయింది వాచీతోనే.

ఆ వ్యక్తి చేతిమీది కాలం ఎవరి కాలమన్నది వేరే ప్రశ్న. 19వ శతాబ్ది చివర రైళ్లు మద్రాసు కాలాన్ని అనుసరించి నడిచేవి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడకు సమీపంగా పోతుంది. నంద్యాల ఉన్నది దాదాపు 78.5 డిగ్రీల వద్ద. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కిస్తే, నంద్యాల సూర్యుడు వాచీకంటే సుమారు 16 నిమిషాలు వెనుక. స్థానిక సూర్యోదయాన్ని బట్టి ముహూర్తం గుణించే సిద్ధాంతి ఈ తేడాను సవరించుకోక తప్పదు. శుభలేఖలో లగ్నాన్ని గంటలు, నిమిషాలతో సహా అచ్చువేయించే మన ఆచారం ఈ రెండు కాలాల రాజీ ఫలితమే. పెళ్లిపందిట్లో పురోహితుడు ఆకాశం వంక చూడడం మాని మణికట్టు వంక చూడడం మొదలుపెట్టిన మార్పు చిన్నది కాదు.

2. ఒక్క వాచీ తరం

పాశ్చాత్య దేశాల్లో చేతికి కట్టే గడియారం మొదట స్త్రీల ఆభరణం. పురుషులు జేబుగడియారాన్నే గౌరవంగా భావించేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో పోరాడే సైనికునికి జేబులోంచి తీసి చూసే తీరిక లేకపోవడంతో వాచీ మగవాని చేతికెక్కింది. మన దేశంలో ఫావ్ర్ లూబా, వెస్ట్ ఎండ్ వంటి స్విట్జర్లాండు పేర్లు వలసపాలన కాలం నుంచే బొంబాయి దుకాణాల ద్వారా వ్యాపించాయి గాని, అవి సామాన్య రైతుకు అందేవి కావు.

1961లో ప్రభుత్వరంగ సంస్థ హెచ్.ఎం.టి., జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీకి పూనుకున్నది. తొలి వాచీలను జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. అందరికీ తెలిసిన నమూనా ‘జనతా’. పదిహేడు రాళ్లు, రోజూ కీ ఇవ్వవలసిన యంత్రం, గంటకు 18,000 స్పందనలు, అంటే సెకనుకు అయిదు ‘టిక్కు’లు. పైలట్, సోనా, కాంచన్, కోహినూర్ వంటివి తరువాత వచ్చాయి. దశాబ్దాల కాలంలో ఆ సంస్థ పది కోట్లకు పైగా వాచీలు తయారుచేసింది.

యాదృచ్ఛికమే అయినా, వరకట్న నిషేధ చట్టం కూడా 1961లోనే వచ్చింది. జులై 1న అమలైంది. చట్టం కట్నాన్ని నిషేధించగా, లాంఛనాల జాబితా పెరిగింది. వాచీ, సైకిలు, రేడియో అన్న త్రయం తెలుగునాట పెళ్లిమాటల్లో స్థిరపడినది ఈ దశాబ్దాల్లోనే. ఆళ్లగడ్డ పరిసరాల కొత్తపల్లె వంటి ఊళ్లలో పెండ్లికుమారుని చేతికి మెరిసే చైనుతో వాచీ కట్టడం మామగారి పరపతికి గుర్తు. పూత పూసిన కాంచన్ ఈ కారణంగానే పెళ్లివాచీగా పేరుపొందింది. 1985లో వచ్చిన నియమాలు వధూవరులకిచ్చిన కానుకలకు జాబితా రాసి ఉంచాలని నిర్దేశించాయి. అటువంటి జాబితాల్లో వాచీ ఒక పద్దుగా నిలిచింది. నేడు సేకర్త అపురూపంగా చూసుకునే పాత కాంచన్ వెనుక, దాన్ని కొనడానికి ఒక ఆడపిల్ల తండ్రి చేసిన అప్పు ఉండి ఉండవచ్చు. అభిరుచిని గురించి రాసేవారు ఈ వైపు సాధారణంగా తొంగిచూడరు.

విదేశీ వాచీల కథ మరొకటి. 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 123వ సెక్షను బంగారంతో పాటు వాచీలను పేరుపెట్టి పేర్కొన్నది. దొంగరవాణా సరుకని సహేతుకంగా నమ్మి అధికారి స్వాధీనం చేసుకుంటే, అది అలాంటిది కాదని రుజువు చేసుకునే భారం వాచీ ఉన్నవానిదే. సరిహద్దు దాటిన చిన్న వస్తువును బంగారం సరసన నిలిపిన ఈ నిబంధన ఒక్కటి చాలు, ఆనాటి వాచీ విలువను అంచనా కట్టడానికి. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి గల్ఫుకు వలసవెళ్లినవారు తెచ్చిన సీకో 5, సిటిజన్, రికో వాచీలు ఆ గుబాళింపుతోనే పల్లెలకు చేరాయి. చీకట్లో ముళ్లు మెరిసే వాచీని పిల్లలు దుప్పటి కప్పుకొని చూసిన తరమది.

ఇ.పి. థామ్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో గడియారాన్ని కర్మాగార క్రమశిక్షణతో ముడిపెట్టారు. ఆ సూత్రాన్ని యథాతథంగా నంద్యాల ప్రాంతానికి అన్వయించడం సరికాదు. ఇక్కడ పల్లెవాని చేత వాచీ చూయించినది కర్మాగారపు కూత కాదు. బస్సు వేళ, కోర్టు వాయిదా, కె.సి. కాలువ నీటి వంతు, ఆ తరువాత వ్యవసాయ మోటార్లకు కరెంటు వచ్చే గంటలు. రేడియోలో వార్తలకు ముందు వినిపించే ‘కుయ్’మనే సంకేతానికి వాచీ సరిచేసుకోవడం దినచర్యలో భాగం. దానిని పెత్తనానికి లొంగడం అనడం కంటే, నాలుగు వేర్వేరు వ్యవస్థలతో నెగ్గుకొచ్చే ఉపాయమనడం న్యాయం.

3. హైదరాబాదు, హోసూరు

తెలుగునేల మీద వాచీలు తయారైన ముఖ్య కేంద్రం హైదరాబాదు. నిజాం కాలంలో 1942లో ఏర్పడిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ బస్సు బాడీలకు, ఫ్రిజ్‌లకు పేరుపొందింది. 1980ల ఆరంభంలో జపాను సీకో సాంకేతిక సహకారంతో వాచీల రంగంలోకి వచ్చింది. ‘ఆల్విన్ ట్రెండీ’ ఆనాటి కాలేజీ యువతకు పరిచయమైన పేరు. 1990లలో సంస్థ కుదేలైంది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ వశమైంది. నగరంలో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా మిగిలాయి. ఒక ప్రభుత్వ సంస్థ వాచీ ఊరిపేరుగా మాత్రమే జ్ఞాపకముండడం విచారకరం.

టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో స్థాపించిన టైటన్ తన కర్మాగారాన్ని హోసూరులో పెట్టింది. తెలుగువారు గణనీయంగా ఉన్న పట్టణమది. టైటన్ మొదటినుంచీ క్వార్ట్జ్‌ను నమ్ముకున్నది. 1969 డిసెంబరు 25న సీకో విడుదల చేసిన ఆస్ట్రాన్‌తో మొదలైన ఈ విప్లవంలో సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం, ఒక చిన్న సెల్లు కలిసి కీ ఇచ్చే పనిని రద్దుచేశాయి. వాచీ చవకైంది. చవకైనందువల్లనే ఒకటికి రెండు కొనే వీలు కలిగింది. అభిరుచికి ఆర్థికమైన పునాది ఇక్కడ పడింది.

4. సేకరణ: ఎవరిది, దేనిది?

సేకరణ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన గడియారాల మధ్య, కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ గడియారం వద్ద గంట కొట్టే బొమ్మ కోసం నేటికీ సందర్శకులు గుమికూడుతారు. అది ప్రభువుల సేకరణ. చూడడానికే గాని ధరించడానికి కాదు.

నేటి మధ్యతరగతి సేకర్త తీరు వేరు. సోమవారం జనతా, మంగళవారం పైలట్, పెళ్లికి కోహినూర్. సెల్‌ఫోను సమయం చూపే పనిని లాక్కున్నాక వాచీకి మిగిలినది ధరించడమే. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచీల అనుబంధ సంస్థను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ కూడా అదే నిర్ణయంలో పోయింది. మాతృసంస్థ కొద్దిపాటి వాచీలు అమ్ముతూనే ఉన్నా, మూత వార్తతోనే పాతవాటికి గిరాకీ పెరిగింది.

గిరాకీ వెంట నకిలీ వచ్చింది. పాత యంత్రానికి కొత్తగా రంగువేసిన డయల్, వేరే నమూనా ముళ్లు, పాలిష్ పట్టిన కేసు కలిపి అమ్మేవాటిని సేకర్తలు ‘ముంబయి స్పెషల్’ అంటారు. ఎర్ర, ఆకుపచ్చ డయళ్లతో, కంపెనీ ఎన్నడూ వేయని అక్షరాలతో అవి మెరిసిపోతుంటాయి. తెలిసీ ముచ్చటపడి కొనేవారిని తప్పుపట్టనక్కరలేదు. చరిత్రకు నష్టం వేరేచోట ఉంది. ఉద్యోగ విరమణ వేళ బహూకరించిన వాచీ వెనుక మూతమీద పేరు, తేదీ చెక్కించడం వాడుక. చేయిమారిన వాచీకి పాలిష్ పడితే మొదట పోయేవి ఆ అక్షరాలే. శాసనాన్ని అరగదీసి రాతిని నునుపు చేసినట్లే ఇది. డయల్‌మీది పసుపుచారను, పగిలిన అద్దాన్ని, చెక్కిన పేరును లోపాలుగా కాక ఆధారాలుగా చూసే సేకర్తలు కొందరున్నారు. కొనేముందు వెనుక మూతను ఫొటో తీసి ఉంచుకునే అలవాటు వారిది. వృత్తి చరిత్రకారులు చేయవలసిన పనిని వారు జీతం లేకుండా చేస్తున్నారు.

ఈ అభిరుచి మొత్తం ఆధారపడినది వాచీ మెకానిక్ మీద. కంటికి భూతద్దం బిగించుకొని, గాజు పెట్టె వెనుక వంగి కూర్చునే ఆ మనిషి నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాల బజారులో ఒకనాడు తప్పనిసరి. క్వార్ట్జ్ వాచీకి సెల్లు మార్చడమే మరమ్మతు కావడంతో బాలెన్సు చక్రాన్ని, వెంట్రుకవంటి స్ప్రింగును సరిచేసే నేర్పుకు పని తగ్గింది. పిల్లలు ఆ పీటమీద కూర్చోలేదు. చాలాచోట్ల అదే గాజు పెట్టె వెనుక ఇప్పుడు సెల్‌ఫోను మరమ్మతు సాగుతున్నది. పాత కీ వాచీలకు విడిభాగాలు కొత్తగా దొరకడం అరుదు. అందువల్ల మెకానిక్కులు ఆగిపోయిన జనతాలను కొని డబ్బాల్లో దాచుకుంటారు. ఒకదాని బాలెన్సు, మరొకదాని కీ గుబ్బ, ఇంకొకదాని అద్దం కలిసి ఒక నడిచే వాచీ అవుతుంది. వాటిలో ఏ భాగం ఎవరి పెళ్లినాటిదో చెప్పగల రాత ఆ డబ్బాలో ఉండదు.