బెల్లెందుకు, హలో చాలు!

ఆగస్టు 15 భారతీయులకు జెండా పండుగ. 'హలో' చరిత్రలోనూ ఆ తేదీకి చోటుంది, కాకపోతే అది 1877 నాటి ముచ్చట.

అంతకుముందు శతాబ్దాల పాటు ఇంగ్లీషులో హాలో, హొల్లా, హలూ అంటూ రకరకాల కేకలుండేవి. వేటకుక్కల్ని ఉసిగొల్పడానికి, దూరాన ఉన్నవాణ్ని పిలవడానికి అవి పనికొచ్చేవి. 'హలో' రూపం 1820ల నాటికి అచ్చులోకి వచ్చింది. అప్పటికీ అది మర్యాద మాటేం కాదు. 'ఏయ్', 'ఓహో' అన్నట్టు, ఆపడానికో ఆశ్చర్యపోవడానికో వాడేవారు.

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. తొలి ఫోన్లకు మోగే గంట లేదు. రెండు చోట్ల మధ్య తీగ ఎప్పుడూ తెరిచే ఉండేది. మరి ఇవతలి మనిషి మాట్లాడదలిచాడని అవతల తెలిసేదెలా? ఓడవాళ్ల కేక 'అహోయ్' చాలన్నాడు బెల్. ఇంతలో థామస్ ఎడిసన్ రంగంలోకి దిగాడు. 1877 జులైలో మైనం కాగితం మీద శబ్దాన్ని బంధించే ప్రయోగంలో ఆయన అరిచిన మాట 'హలూ'. ఆగస్టు 15న పిట్స్‌బర్గ్‌లోని టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడు డేవిడ్‌కు ఉత్తరం రాస్తూ, పిలుపు గంట అక్కర్లేదనీ, 'హలో' అంటే 10–20 అడుగుల దూరానికి వినబడుతుందనీ తేల్చేశాడు. చిన్ననాటి నుంచే చెవులు సరిగా వినబడని మనిషి ఇచ్చిన భరోసా ఇది! ఉత్తరంలో అసలు సలహా గంట వద్దని. అది వీగిపోయింది, గంట వచ్చేసింది. మాటవరసకు రాసిన 'హలో' మాత్రం నిలిచింది.

1878 జనవరిలో అమెరికాలోని న్యూ హేవెన్‌లో 21 మంది చందాదారులతో టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. ఆ ఏడాది అచ్చేసిన డైరెక్టరీ, మాట 'హలోవా'తో ఎత్తుకుని 'అంతే' అని ముగించమంది. మొదటిది పట్టుకున్న జనం రెండోదాన్ని వదిలేశారు. పాపం, ముగింపు మర్యాద ఎవరికి కావాలి? ఎక్స్ఛేంజిల్లో ఫోన్లు కలపడానికి మొదట మగపిల్లల్ని పెట్టారు. వాళ్ల దురుసుతనానికి విసిగి 1878 సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్‌ను నియమించారు. ఆ తరహా ఉద్యోగినులకు తర్వాత 'హలో గర్ల్స్' అన్న పేరే స్థిరపడింది.

1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజిలు తెరుచుకున్నాయి. ఆ తర్వాత తెలుగునాట 'హలో' ఫోను దాటి ఎటెటో పాకింది. పెళ్లి పందిట్లో 'హలో, మైక్ టెస్టింగ్' అయింది. 'హలో మాస్టారూ, లైను అటుంది' అన్నప్పుడు అది పలకరింపు కాదు, మందలింపు. సెల్‌ఫోన్ తెర మీద పేరు కనబడటం మొదలయ్యాక హలోకు గిరాకీ తగ్గింది. ఎత్తగానే 'ఆ, చెప్పరా' అంటున్నారు. తెలియని నంబరు వస్తే మాత్రం గొంతు కాస్త సవరించుకుని 'హలో, ఎవరండీ?' అంటారు. సిగ్నల్ పోతే దానికిక లెక్కే ఉండదు, మేడ మెట్లెక్కుతూ అరుస్తూనే ఉంటారు.